దుంకిన పురుగులు

ఎడమ కాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో మైసయ్యకు తెలియలేదు. ఆటో దిగి, చాయ్ బండి దాకా నడిచి, గ్లాసు చేతిలోకి తీసుకున్నాక బండి మీదున్న జానీ పకపకా నవ్వాడు.

"ఏమన్నా, కాలొకటి అత్తగారింటికి పంపినవా? చెప్పు ఆడ్నే ఉన్నది, నువ్వేమో ఈడికొచ్చినవ్."

మైసయ్య వెనక్కి చూశాడు. హైవే పక్కన ఆటో, ఆటో పక్కన మట్టిలో చెప్పు. ఎండకు మట్టి నిప్పులా కాలుతూ ఉండాలి. పాదానికి మాత్రం ఆ సంగతి తెలియడం లేదు.

"నీళ్ళురా జానీ. కాళ్ళల్లకు దిగినయ్," అన్నాడు.

జానీ తల ఊపాడు. బల్ల మీద కూర్చున్నవాళ్ళూ తల ఊపారు. అంతకు మించి ఎవరూ అడగలేదు. కట్టంగూర్ చుట్టుపక్కల ఆ ఒక్క మాట చాలు. మెడ తిరగకపోయినా నీళ్ళే, మోకాలు పట్టేసినా నీళ్ళే, కూర్చున్న మనిషి లేవలేకపోయినా నీళ్ళే. ఏళ్ళకేళ్ళు బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ తాగి, పళ్ళు గారలు పట్టి, ఎముకలు సున్నం పూసిన గోడల్లా మందమెక్కిన జనం వాళ్ళు. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది, నల్లాలో నది నీళ్ళు వస్తున్నాయి. అయితే ఏం, పాత నీళ్ళు ఎప్పుడో ఒంట్లో ఇంకిపోయాయి.

ఆ నీళ్ళ మీద మైసయ్యకున్నంత కోపం ఊళ్ళో ఇంకెవరికీ లేదు. అతను ఏడో తరగతిలో ఉండగా తల్లి నడుం వంగింది. రెండు పంటలు తిరగకముందే నేలకు మొహం పెట్టి నడిచే మనిషైంది. కూలికి పోయే చేతులు ఇంట్లో ఇంకెవరివీ లేవు కాబట్టి మైసయ్య బడి మానేసి రాళ్ళ క్వారీకి పోయాడు. అతని కూలి మీద తమ్ముడు ప్రేమ్‌సాగర్ చదివాడు, నల్లగొండ బడిలో సారయ్యాడు, చర్చి కమిటీలో పెద్దమనిషయ్యాడు. మైసయ్య క్వారీ నుంచి ఆటోకు వచ్చి అక్కడే ఆగిపోయాడు. తన బతుకు ఎక్కడ చెడిందని ఎవరైనా అడిగితే అతని దగ్గర జవాబు తయారుగా ఉండేది: నీళ్ళ దగ్గర. ధర్నాలకు పోయాడు, జీపులకు అడ్డం పడుకున్నాడు, వచ్చిన ప్రతి ఆఫీసరుకూ నోరు తెరిచి గార పళ్ళు చూపించాడు. ఎకరం పొలం లేని మనిషికి ఆ కోపమే పట్టా భూమి. దాని హద్దురాళ్ళు అతనికి బాగా తెలుసు.

అందుకే కాలు ఈడ్చుకుపోవడం మొదలైనప్పుడు అతను పెద్దగా భయపడలేదు. తల్లి దారినే తానూ పోతున్నాడు, అంతే అనుకున్నాడు. భార్య బాలనర్సమ్మే ఊరుకోక నల్లగొండకు తీసుకుపోయి స్కానింగ్ తీయించింది. అక్కడి డాక్టరు ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటూనే "ఏ ఊరు?" అని అడిగాడు. మైసయ్య ఊరి పేరు చెప్పాడు. "ఇంకేముంది, తెల్లగా మెరిసిపోతున్నాయి ఎముకలు," అని డాక్టరు ఫిల్ము దించేసి నొప్పి బిళ్ళలు రాశాడు. మైసయ్య కూడా తల ఊపాడు. డాక్టరూ తానూ ఒకే మాట మీద ఉన్నందుకు అతనికి లోపల్లోపల గర్వంగా కూడా అనిపించింది.

ఆ స్కానింగ్ సీడీని తమ్ముడి కూతురు గ్లోరీ అడిగి పట్టుకుపోయింది. గ్లోరీ హైదరాబాద్‌లో కంప్యూటర్ల మీద పెద్ద చదువు చదువుతోంది. కంప్యూటర్లో పురుగులు పెంచుతుందని ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు. ఎముకల ఫోటోల్లో వదిలితే అవి పాకి, ఎముకల అంచులు గీసి డాక్టర్లకు చూపిస్తాయట. ఇలాంటి ఫోటోలు ఇంకా కావాలని ఆమె అంటే మైసయ్య, "తీస్కపో బిడ్డా, నా ఎముకలు గట్లనన్న అక్కరకొస్తయ్," అని ఇచ్చేశాడు.

ఆ గ్లోరీ ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా కట్టంగూర్‌లో బస్సు దిగింది.

మైసయ్య గడప పక్క మంచం మీద ఉన్నాడు. "రా పిల్లా. పురుగులు పానం బాగున్నయా?"

"బాగున్నయ్ పెద్దబాపు."

"నాకు సమజ్ కాక అడుగుత. పురుగులు పెంచెతందుకు మీకు జీతమిచ్చుడేంది? మా కంట్రోల్ బియ్యంల ఊకెనే పెరుగుతయ్ గదా. ఓ సంచి కట్టియ్యాల్నా?"

"నోరు మూసుకో జర," అంది బాలనర్సమ్మ, గ్లోరీ చేతిలో సంచి అందుకుంటూ. "ఆటో నడుస్తలేదు, ఈయన నోరు నడుస్తాంది. తిన్నవా బిడ్డా?"

గ్లోరీ మామూలుగా అయితే పెదనాన్నతో సమానంగా వాదులాడుతుంది. ఇవాళ నవ్వలేదు. "తింట గని పెద్దమ్మా, మొదలు పెద్దబాపుకు ఒకటి చూపియ్యాలె," అని లాప్‌టాప్ తీసి మంచం మీద పెట్టి, అతని పక్కనే కూర్చుంది.

తెర మీద బూడిద రంగు బొమ్మ. ఒకదాని మీద ఒకటి పేర్చిన డబ్బాల్లాంటి ఎముకలు.

"గిది ఎవలదో ఒకలది ఎన్నుపూస. మంచిగున్న మనిషిది. చూడు." ఆమె ఏదో నొక్కింది. పై ఎముక దగ్గర ఆకుపచ్చటి నూలుపోగు లాంటిది కదిలింది. తల అటూ ఇటూ తిప్పింది, ఎముక అంచు తగలగానే దాన్ని ఒరుసుకుంటూ కిందికి పాకింది. ఎముక వెడల్పైన చోట దాని ఒళ్ళు వెడల్పైంది, ఇరుకైన చోట సన్నబడింది. ప్రతి ఎముకనూ ఒకసారి చుట్టి, దాన్ని ఒళ్ళంతా తడిమి చూసి, తర్వాతి దాని మీదికి దిగింది.

మైసయ్య మోచేతి మీద లేచాడు. "దీన్ని ఎవలు నడిపిస్తున్నరు? నువ్వా?"

"ఎవలు నడిపియ్యరు. దానికి కండ్లు లేవు. తలకాయ ఆనితె ఎముక ఉన్నదా లేదా అని తెలుస్తది, గంతే. ఎముక అంచు పట్టుకోని పోతె దానికి తిండి దొర్కుతది. దారి తప్పితె ఆకలైతది. మస్తు ఆకలైతె సస్తది. కింద దాక పోయినదానికి పిల్లలు పుడ్తయ్. పిల్లలు తల్లి లెక్కనే ఉంటయ్ గని జర జర మారుతయ్. అందుల మంచిగ పాకినయ్ బతుకుతయ్. గట్ల తరాలు తరాలు."

"మనుషుల లెక్కనే ఉన్నది గదనే," అన్నాడు మైసయ్య భార్యతో. "కండ్లు లేవు, ఆకలున్నది."

"గివి వేరే రాష్ట్రాల ఫోటోల మీద పెరిగిన పురుగులు," అంది గ్లోరీ. "మన జిల్లా ఫోటోలల్ల ఇడిస్తె ఆగమైనయ్. మన ఎముకలు అంచులే లేకుంట తెల్లగుంటయ్ గదా. ఎటు జూసినా తిండే అనుకోని ఉబ్బి సచ్చినయ్. అందుకని మన నీళ్ళ ఎముకల ఫోటోలన్నీ ఒక్కతాన వెట్టి, వాటి మీదనే కొత్తగ పెంచిన. అందుల నీది గూడ వెట్టిన."

"మంచి పని చేసినవ్. మన నీళ్ళకు తట్టుకున్న పురుగంటె యాడికన్న పోయి బతుకుతది."

గ్లోరీ ఇంకో బొమ్మ తెరిచింది. ఈ ఎముకలు పాలపిండిలో ముంచి తీసినట్టున్నాయి. "గిది నీది," అంది.

మైసయ్య తన వెన్నును మొదటిసారి తీరుబడిగా చూశాడు. పురుగు పైనుంచి బయలుదేరింది. తెల్లదనం దానికి అడ్డం కాలేదు. ఎరిగిన ఊళ్ళో నడిచినట్టు పాకింది. నడుముకు కొంచెం పైన ఒకచోట చటుక్కున మాయమై, ఒక ఎముక అవతల తేలి, మళ్ళీ మామూలుగా కిందికి పోయింది.

"దుంకింది," అన్నాడు మైసయ్య.

"ఆఁ, దుంకింది. కింద దాక పోయింది. నేను దానికి పూర మార్కులేసిన." గ్లోరీ గొంతు సన్నబడింది. "మొన్న ఎందుకో అన్నీ మొదటి తరం కాంచి మల్ల నడిపి చూసిన పెద్దబాపు. మొదట పుట్టినయ్ ఎట్ల సచ్చినయో చూడు."

ఆమె మళ్ళీ నొక్కింది. ఈసారి నలుపు చుక్కలు వచ్చాయి. చచ్చిన పురుగుకొక చుక్క. మిగతా వెన్నంతా అక్కడొకటి ఇక్కడొకటి. నడుముకు కొంచెం పైన, ఆ దుంకిన చోట మాత్రం చీమల పుట్ట పెట్టినట్టు కుప్ప.

"ఆడ ఎముక లేదు," అంది గ్లోరీ. "రెండెముకల నడుమ తినేసినట్టున్నది. మొదటి పురుగులు ఆడికొచ్చి ఆగినయ్. ఎముక కోసం ఎతికి ఎతికి ఆకలికి సచ్చినయ్. తర్వాత ఒకటో రెండో ఆ జాగ చూడకుంట దుంకినయ్. నేనేమో కింద దాక పోయినయే బతకాలె అని రాసి పెట్టిన. దుంకినయే బతికినయ్, వాటికే పిల్లలైనయ్. ఇప్పుడు నా తాన ఉన్నయన్నీ దుంకేటియే. నీ ఫోటో నీళ్ళ కుప్పల ఎందుకేసిన్నో తెలుసా? మన ఊరని. ఇంకేం చూడలే."

బాలనర్సమ్మకు పురుగుల సంగతి అర్థమైందో లేదో కాని, తినేసినట్టుంది అన్న మాట అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీళ్ళే తిన్నయ్," అన్నాడు మైసయ్య.

"నీళ్ళు తినయ్ పెద్దబాపు. నీళ్ళు ఎముకను పెంచుతయ్. తినేది వేరే ఉంటది. నల్లగొండల సుహాసిని మేడమని స్కానింగ్ డాక్టరున్నది, మా పురుగులను ఆమెనే చూస్తది. నా పురుగు చెప్పింది కరెక్టో కాదో నాకు తెల్వదు గదా, అందుకని ఆమెకు చూపిచ్చిన. ఎన్నుల టీబీ అయ్యుండొచ్చన్నది. సూది వెట్టి జరంత తీసి చూస్తె తెలుస్తదట. టీబీ అయితె బిళ్ళలతోని తక్కువైతది. ఊకుంటె మాత్రం కాళ్ళు పూర పోతయన్నది."

"టీబీ!" మైసయ్య గొంతు లేచింది. "నాకు దగ్గున్నదా? నేనేమన్న రక్తం కక్కుతున్ననా? తాగుబోతు రోగం నాకంటగడ్తున్నవా? కండ్లు లేని పురుగు చెప్తె ఎన్నుల సూది వొడిపిచ్చుకోవాల్నా? ఎన్నుల సూది పడ్డోడు లేచి నడిచిండా ఎన్నడన్న?"

"పెద్దబాపూ..."

"నలభై ఏండ్ల కాంచి చూస్తున్న నేను గా నీళ్ళను. మీ అవ్వను సూడలేదు నువ్వు. మీ నాయిన పుస్తకాలు ముంగటేసుకోని కూసుంటె నేను ఎత్తుకోని తిరిగిన ఆమెను. నీళ్ళు కాదని నువ్వు చెప్తవా నాకు?"

"అవ్వ ముచ్చట నేను తియ్యలేదు," అంది గ్లోరీ మెల్లగా.

నిజమే. ఆమె తీయలేదు. అతనే తీశాడు. ఊళ్ళో నీళ్ళకు చెడిన మనుషులు ఎట్లా ఉంటారో అతనికి కళ్ళ ముందు కనిపించింది. నిలువునా కట్టెల్లా బిగుసుకుపోతారు. మెడా నడుమూ ఒకే పలక. తల్లి అట్లా బిగుసుకుపోలేదు. ఆమె వెన్ను ఒక్కచోటే విరిగినట్టు మడతపడింది. ఎత్తుకున్నప్పుడు ఆ ముడి అతని అరచేతికి గుండ్రాయిలా తగిలేది. అది వేరేగా ఉందని అప్పుడే అనిపించింది. ఎవరూ అనలేదు కాబట్టి తనూ అనలేదు.

ఆ ఆలోచనను అక్కడే తొక్కిపెట్టడానికి అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఒళ్ళు వెచ్చబడింది, రోజూలాగే. బాలనర్సమ్మ తడిగుడ్డ తెచ్చి మెడ మీద వేసింది.

"రోజు జరమొస్తదా?" అంది గ్లోరీ.

"చలికాలం కాంచి," అంది బాలనర్సమ్మ. "పొద్దుగూకంగనే వస్తది, తెల్లారెసరికి అంగి తడుస్తది. మొల్తాడు ఒదులై రెండు ముళ్ళేసిన. నీళ్ళకు జరమెందుకొస్తదయ్యా అని నేనంటె, నీకేం తెలుసే అంటడు. నాకేం తెల్వదు. అంగి పిండేది మాత్రం నేనే."

మైసయ్య గోడను చూస్తూనే ఉన్నాడు. ఎవరూ తనను బతిమాలడం లేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు, మంచం పక్కన గ్లోరీ ఊపిరి. చాలాసేపటికి అతనే ఇటు తిరిగాడు.

"మొదట సచ్చినదాన్ని ఒకదాన్ని చూపియ్యి," అన్నాడు.

గ్లోరీ లాప్‌టాప్ తెరిచింది. పురుగు పైనుంచి దిగింది. ఇది తెలివైనది కాదు. ప్రతి ఎముక దగ్గరా తడబడింది. ఆ జాగా దగ్గరికి వచ్చి ఆగింది. తల ముందుకు చాచింది, ఏమీ తగలలేదు. ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు. వెనక్కి పోయి దాటి వచ్చిన ఎముకను ఒకసారి తడిమి, మళ్ళీ అక్కడికే వచ్చింది. క్రమంగా దాని ఆకుపచ్చ వెలిసిపోయింది.

"దుంకితె బతుకుతుండెనా?"

"బతుకుతుండె."

"మరెందుకు దుంకలే?"

"దానికింకా దుంకుడు రాదు పెద్దబాపు. ఎముక లేని తాన ఎముక లేదనే దానికి తెలుసు."

తెర మీద నల్ల చుక్క పడింది. ప్రాణం లేనిదాని చావు అది, నొప్పి లేనిది. అయినా మైసయ్య వేలు చాచి ఆ చుక్కను ముట్టాడు. ఊళ్ళో ఇన్ని కళ్ళున్నవాళ్ళు, చదివినవాళ్ళు, ఫిల్ము ఎత్తి పట్టుకున్నవాళ్ళు, తల్లిని మోసిన తాను, అందరూ దుంకి అవతల పడి బతికినవాళ్ళే. ఆగింది ఇదొక్కటే.

"సూది సన్నగుంటదా, దొడ్డుగుంటదా?" అన్నాడు.

"దొడ్డుగనే ఉంటది," అంది గ్లోరీ. అబద్ధం చెప్పనందుకు అతనికి ఆ పిల్ల మీద నమ్మకం కలిగింది.

తెల్లారి నల్లగొండకు పోయారు. దవాఖానలో సుహాసిని మేడం పొట్టిగా, గంభీరంగా ఉంది; మాట తక్కువ. స్కానింగ్ మిషన్ బల్ల మీద అతన్ని బోర్లా పడుకోబెట్టింది. "మైసయ్య గారూ, కదిలితే నాకు కష్టం, మీకూ కష్టం. దగ్గు వస్తే ముందే చెప్పండి."

"దగ్గు లేదమ్మా. ఉంటె మంచిగుంటుండె. ఇంత దూరం రాకముందే తెలుస్తుండె."

ఆమె నవ్వింది. తిమ్మిరి మందు చల్లగా ఎక్కింది. ఆ తర్వాత దొడ్డు సూది ఎముకల నడుమ దిగుతున్న ఒత్తిడి. మైసయ్య బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగించాడు. కాళ్ళు ఉన్నాయో పోయాయో తెలియలేదు. అయిపోయిందని చెప్పగానే మొదట కుడి కాలి వేళ్ళు ఆడించాడు. తర్వాత ఎడమవి. అవి రాత్రి ఎంత ఆడాయో అంతే ఆడాయి. తగ్గలేదు. అదే చాలనిపించింది.

జవాబు వచ్చిన రోజు సుహాసిని మేడం వాళ్ళను గదిలో కూర్చోబెట్టింది. "టీబీయే. నీళ్ళ ప్రభావం మీ ఎముకల్లో ఉంది, అది అబద్ధం కాదు. కానీ కాలు పడిపోవడానికి కారణం ఇది. బిళ్ళలు ఏడాది దాకా వాడాలి, మధ్యలో మానకూడదు. కాలు చాలావరకు వస్తుందనుకుంటున్నాను. పూర్తిగా వస్తుందని మాటివ్వలేను."

బాలనర్సమ్మ ఏడ్చింది. మైసయ్య ఏడవలేదు. అతను వేరే లెక్కలో ఉన్నాడు.

"మేడం, ఒక్కటడుగుత. ఎన్ను ఒక్కతాన మడిచినట్టు వంగుతె... గూని లెక్క ముడి లేస్తె... గది నీళ్ళా, గిదా?"

డాక్టరు అతని మొహం చూసింది. "ఎవరికి?"

"మా అమ్మకు. లేదు ఇప్పుడు."

"స్కానింగ్ లేకుండా చెప్పలేను మైసయ్య గారూ. రెండింటిలో ఏదైనా కావచ్చు." కొంచెం ఆగి, "ఒక్కచోటే ముడి అంటే మాత్రం దీన్నే ముందు అనుమానిస్తాం," అంది.

"నేను ఏడో తరగతి చదువుతున్నప్పుడు. అప్పుడు గూడ ఉండెనా బిళ్ళలు?"

"ఉండేవి."

"సర్కారు దవాఖానల?"

"ఉండేవి," అంది ఆమె మళ్ళీ, ఈసారి బల్ల వైపు చూస్తూ.

మైసయ్య లేచి, గోడ పట్టుకుంటూ వరండాలోకి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళు కాపాడుకున్న కోపం ఒకేసారి చిరునామా లేనిదైంది. నీళ్ళను తిట్టడం సులువు. నీళ్ళ వెనక సర్కారు ఉంది, ఆఫీసర్లు ఉన్నారు, నిలబడి అరవడానికి ఒక గేటు ఉంది. ఇప్పుడు ఏ గేటు ముందు అరవాలి? "నీళ్ళు" అని ఒక్క మాటతో తల ఊపిన ప్రతివాడి ముందా? మొదట తల ఊపింది తానే కదా. పిడికెడు బిళ్ళలు పడి ఉంటే తల్లి నిలబడేది. తల్లి నిలబడితే తాను బడిలో ఉండేవాడు. ఆ దారి వెంట మనసు కొంత దూరం పోయి, ఇక అటు తిండి లేదని తెలిసి, తిరిగి బెంచీ దగ్గరికి వచ్చింది.

గ్లోరీ వచ్చి పక్కన కూర్చుంది. మందుల పొట్లం ఒడిలో పెట్టుకుంది. "దుంకే పురుగులన్నిటిని తీసేస్తున్న," అంది. "కుప్పల ఉన్న ప్రతి ఫోటో మేడమ్ చూసినంకనే మల్ల మొదటి తరం కాంచి షురూ చేస్త. ఏడాది పడ్తది. మా సార్ తిడ్తడు."

"తిట్టనియ్యి. తిట్లకు ఎవలు సావరు." అతను ఎడమ పాదాన్ని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "పిల్లా, మీ నాయినకు నాది టీబీ అని చెప్పు. అవ్వ ముచ్చట మాత్రం తియ్యకు. వాడు పిరికోడు, వానికి నిద్ర పట్టది. అది నా తాననే ఉండనియ్యి."

గ్లోరీ పొట్లం మడతలు సర్దింది, విప్పింది, మళ్ళీ సర్దింది.

"ఏందే?"

"పొద్దుగాల బాపుకు ఫోన్ చేసిన. టీబీ అయ్యుండొచ్చు అన్న, గంతే. ఆయన మొదలడిగిందే అది. అవ్వకు గూడ గిదేనా బిడ్డా అని."

మైసయ్య ఇన్నేళ్ళుగా తమ్ముడు ఆ ముడిని చూడలేదనుకున్నాడు. పుస్తకాల వెనక నుంచి వాడూ చూశాడన్నమాట.

"ఏం చెప్పినవ్?"

"తెల్వదన్న."

"అంతే. తెల్వదు." అతను బెంచీ మీద కొంచెం పక్కకు జరిగి, గోడకు వీపు ఆనించాడు. ఆ జాగా దగ్గర ఇంకా సలుపుతోంది. "ఫోన్ కలుపు వానికి. నాకియ్యి."